దూరదర్శన వార్తాహరుఁడు: ఆతని వృత్తి, లోకనింద

మన సంఘ వార్షిక మహాసభ సంచికకు నిజాంపట్నపు పూర్వచరిత్రను గూర్చి యొక వ్యాసము వ్రాసి పంపవలసినదిగా గౌరవ కార్యదర్శిగారు మమ్ముఁ గోరియుండిరి. 1611 సంవత్సరమున ‘గ్లోబు’ అను నౌకపై వచ్చిన ఆంగ్లేయ వర్తకులు, తాము పేటపోలి యని పిలిచిన మన రేవున దిగి వర్తకస్థానము నెలకొల్పినది మొదలు, 1759లో సలాబతుజంగు మచిలీపట్నముతోఁ గూడ నిజాంపట్నపు సీమను వారి కొసఁగినది వఱకు గల వృత్తాంతమును మేము సగము వ్రాసియే యుంటిమి. ఇంతలో మహాసభ కార్యక్రమ పత్రము మాకు అందినది. రెండవదినమున ప్రవేశపెట్టఁబడు తీర్మానములలో ఏడవదానిని చదివిన పిమ్మట కలము ముందునకు సాగలేదు.

ఆ తీర్మాన సారాంశమిది. మన రేవునఁ బనిచేయుచున్న యొక టెలివిజను విలేఖరి మన కులమునకు అపకీర్తి తెచ్చెను గావున మహాసభ ఆతనిని ఖండించుచున్నది. కులబాంధవు లెవ్వరును ఆ ఛానలునకు ప్రకటనలు ఈయరాదు. శుభకార్యములకు ఆ విలేఖరిని పిలువరాదు. ఆతఁడును మనవాఁడే, మా పాఠశాలలో మూఁడేండ్లు మాయొద్ద తెలుఁగు చదివినవాఁడు. ప్రతిపాదకుల పేళ్లలో మూఁడవది మాది. సంతకమును మాదే. దానిని గూర్చి చివరఁ జెప్పెదము. రేవు చరిత్రను వచ్చు సంవత్సరమునకు నిలిపి, ఈ యేఁడు టెలివిజను వార్తాహరుని చరిత్రను వ్రాయుచున్నాము. పోషకులును, పెద్దలును మన్నింతురు గాక.

టెలివిజనును గూర్చి యుపన్యసించువారు సంజయుని దలఁపక మానరు. వ్యాసభగవానుఁడు ఆతనికి దివ్యదృష్టి నొసఁగెననియు, ఆతఁడు హస్తినాపురమునఁ గూర్చుండియే కురుక్షేత్రమున జరుగుచున్నదానిని జరుగుచున్నట్లే ధృతరాష్ట్రునకుఁ జెప్పెననియు, కావున ప్రత్యక్షప్రసారము మన పూర్వు లెఱిఁగినదే యనియు సభలలో పలుమాఱు వింటిమి. మూలమును చదివినవారికి ఈ మాట అంతగా సరిపడదు. భీష్మపర్వమున సంజయుఁడు యుద్ధభూమినుండి వచ్చి, భీష్ముఁడు పడెనను వార్తను మొట్టమొదటఁ జెప్పి, ఆ పిమ్మట గడచిన పదిదినముల కథను మొదటినుండి వివరించును. అనఁగా ఆతఁడు రణరంగమునకుఁ బోయి కన్నులారఁ జూచి వచ్చినవాఁడు. శల్యపర్వమున సాత్యకి ఆతనిని బట్టుకొని చంపఁబోఁగా వ్యాసుఁడే యడ్డుపడి విడిపించెను. యుద్ధవార్తలు తెచ్చువానికిఁ గలుగు అపాయము అంత పూర్వపుది. ఇంకొకటి గమనింపవలెను. సంజయుఁడు రాజు కొలువులోనివాఁడు. ఐనను ఈ నాశమునకు నీ తప్పే మూలమని ఆ రాజు నెదుటనే పలుమాఱు చెప్పెను. ధృతరాష్ట్రుఁడు విని యేడ్చెను గాని వానిని కొలువునుండి తొలఁగింపలేదు. ఆ ముదుసలి రాజునందు మెచ్చఁదగిన గుణము మాకు ఇదియొక్కటి కనఁబడినది.

తెలుఁగుదేశమున పత్రికలు నడపినవారి కథ మన పెద్దలకుఁ దెలిసినదే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు బడిపంతులై యుండియే 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి, లంచము పుచ్చుకొను ఉద్యోగులను, స్వకులపు దురాచారములను వదలక యెండఁగట్టిరి. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము చేయించినపుడు ఆయనను వెలివేసినవారు పరులు కారు, స్వకులమువారే. ఆయనకు ప్రతిపక్షులైన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు చేసిన పని మాకు వేఱువిధముగఁ దోఁచును. ఆయన తమ పత్రికలో వ్రాసిరి. వెక్కిరింపునకు ‘హాస్యవర్ధని’ నడపిరి. వీరేశలింగముగారు దానికి బదులుగా ‘హాస్యసంజీవని’ నడపిరి. ఇరువురును ఒకరినొకరు చీల్చి చెండాడుకొనిరి. మధ్యను తెలుఁగు వచనము బాగుపడినది. వెలివేసినవారి వలన ఏ గ్రంథమును బుట్టలేదు.

ఇఁక ప్రస్తుతమునకు వత్తము. హైదరాబాదునందు దూరదర్శన కేంద్రము 1977 అక్టోబరు 23వ తేదిని ఆరంభమయ్యెను. సరిగా ఇరువదియేడు దినములకు, నవంబరు 19వ తేదిని, కృష్ణ యావలియొడ్డున దివిసీమను ఉప్పెన ముంచెను. దాదాపు 10,000 మంది మృతిఁజెందిరి. అప్పటికి మాకు పదునెనిమిదేండ్లు. మన రేవున టెలివిజను పెట్టె యన్నది ఎవరును చూచియుండలేదు. రేడియోలో వినఁబడిన నాలుగు మాటలును, బురదలో నడచివచ్చినవారు చెప్పిన మాటలును మాత్రమే వార్త. చచ్చినవారి లెక్క దినదినమును మాఱుచుండెను. ఆ వారములో మన యిండ్లలో ఎవ్వరును వార్తలు తెచ్చినవానిని తిట్టుట మేము వినలేదు. తెచ్చువాఁడు లేఁడనియే యేడ్చితిమి.

హైదరాబాదు కేంద్రము తెఱచిన ఆఱేండ్లవఱకు అందు తెలుఁగు వార్తలు లేవు. 1983 నవంబరు 14వ తేదిని తొలిసారిగా తెలుఁగు వార్తలు ప్రసారమయ్యెను. వానిని చదివినవారు శ్రీ శాంతిస్వరూప్ గారు. వారు 1978లోనే దూరదర్శన కొలువునఁ జేరియు, వార్తలు చదువు భాగ్యమునకై ఐదేండ్లు వేచియుండిరి. మొదటినాఁటి వార్తలను మేము చూడలేదు. మన ప్రాంతమునకు టెలివిజను అటుపిమ్మటఁ గాని రాలేదు. 1984 ప్రాంతమున దేశమంతట ప్రసారస్తంభములు త్వరత్వరగా వెలసినవి. మన యూర పంచాయతీ కార్యాలయపు అరుగుమీఁద నొక పెట్టెను బెట్టి, సాయంకాలము తలుపు తాళము తీసెడివారు. పిల్లలు ముందు వరుసను, వలలు బాగుచేసికొనుచు పెద్దలు వెనుక వరుసను కూర్చుండెడివారు.

శాంతిస్వరూప్ గారి వృత్తినిగూర్చి నేఁటి యువకులకుఁ దెలియని సంగతి యొకటి కలదు. ఇప్పుడు వార్తలు చదువువారి యెదుట టెలిప్రాంప్టరు అను యంత్రముండును. చదువవలసిన వాక్యములు అందుఁ గనఁబడుచు సాగిపోవును. చూపరులకు మాత్రము వారు మనవంకఁ జూచి మాటాడుచున్నట్లుండును. శాంతిస్వరూప్ గారు దాదాపు పదియేండ్లు ఆ యంత్రము లేకయే చదివిరి. చేతఁ గాగితములు; కన్నులు ప్రేక్షకులపై. వాక్యములను ముందుగనే మనసునఁ బట్టుకొని చెప్పవలెను. వేదమును, అష్టాధ్యాయిని కంఠస్థము చేసిన సంప్రదాయమువారికి ఇది యబ్బురముగాఁ దోఁపకపోవచ్చును. కాని వేదము మాఱదు. వార్త దినదినమును క్రొత్తది. అదియును ప్రసారమునకుఁ గొంచెము ముందుగనే చేతికి వచ్చును. ఆ కంఠస్థము ఎట్టి కష్టమో పాఠము చెప్పినవారు గ్రహింపఁగలరు.

మేము ఉపాధ్యాయవృత్తిఁ జేరిన క్రొత్తలో మా విద్యార్థులను వారి వార్తలు వినుఁడని ప్రోత్సహించుచుంటిమి. శకార షకార సకారములకు భేదము తెలియఁజెప్పుటకు మాకు అంతకన్న మంచి సాధనము దొరకలేదు. వారు గొంతు హెచ్చింపరు. ముఖమున కోపము గాని, ఉత్సాహము గాని చూపరు. చావు వార్తను, పంట వార్తను ఒక్క మర్యాదతోనే చదివెడివారు. ఆ మర్యాద కొందఱికి చప్పగాఁ దోఁచెడిది. మాకు అది రుచించినది. వారు నవలలును వ్రాసిరి: భోపాలు విషవాయు దుర్ఘటనను గూర్చి ‘రాతి మేఘం’, సతీసహగమన దురాచారమునకు విరుద్ధముగా ‘అర్ధాగ్ని’. ప్రతిదినము ఇతరులు వ్రాసినదానిని చదివినవాఁడు తన మాట చెప్పుకొనుటకు నవలను ఆశ్రయించెనా యని మేము పలుమాఱు తలపోసితిమి. అది మా యూహ మాత్రమే. 2011లో వారు పదవీవిరమణ చేసిరి. 2024 ఏప్రిలు 5వ తేదిని హైదరాబాదునఁ బరమపదించిరి. ఆదినమున మా తరమువారిలో పెక్కుమంది తమ యింటి పెద్దనొకనిని గోల్పోయినట్లు మాటాడుకొనిరి.

ఇంతటివారిపైనను నింద లేకపోలేదు. ఆ నింద వారి గుణమును గూర్చి గాక, వారు కూర్చున్న పీఠమును గూర్చి. దూరదర్శనము కేంద్రప్రభుత్వపు సొత్తు. వార్తలు కూర్చువారు వేఱు, చదువువారు వేఱు. కూర్చువారు సర్కారు ఉద్యోగులు, వారిపై అధికారులు, అధికారులపై మంత్రులు. ప్రజలకుఁ గనఁబడునది మాత్రము చదువువాని ముఖము. 1984 ఆగస్టు 16వ తేదిని గవర్నరు రామలాలుగారు ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారిని తొలఁగించి, మన గుంటూరు సీమవారైన నాదెండ్ల భాస్కరరావుగారిచేత ప్రమాణము చేయించినపుడు రాష్ట్రమంతయు అట్టుడికినట్లు ఉడికెను. సెప్టెంబరు 16వ తేదిని రామారావుగారు మఱల ముఖ్యమంత్రియగువఱకు ఆ నెలదినములు రేడియోపైనను, టెలివిజనుపైనను జనులు విరుచుకుపడిరి. ఇది ఢిల్లీ వారి గొంతుక యని పంచాయతీ అరుగుమీఁదనే కేకలు వేసినవారిని మేము చూచితిమి. ఒకనాఁడు ఎవఁడో తెరపైఁ గనఁబడుచున్న ముఖమునకుఁ దగులునట్లు తడివల విసరెను. పెట్టెకు ఏమియు కాలేదు గాని గుమాస్తా వారము దినములు తాళము తీయఁడాయెను.

ఆ కోపము నిష్కారణము కాదు. అత్యవసర పరిస్థితి కాలమునందు 1975 మొదలు 1977 వఱకు ఆకాశవాణిని, దూరదర్శనమును ప్రభుత్వము ఎట్లు వాడుకొనెనో దేశమెఱుఁగును. జనతా ప్రభుత్వము నియమించిన వర్గీసుగారి సంఘము 1978లో ఈ రెంటిని సర్కారు చేతినుండి తప్పించి స్వతంత్రసంస్థగాఁ జేయవలెనని చెప్పెను. ఆ సలహా మూలఁబడెను. ప్రసారభారతి చట్టము 1990లోఁ బుట్టి, అమలునకు 1997లో వచ్చెను. ఏడేండ్లు తొట్టెలలోనే యుండెను. ఇఁక టెలివిజను చేతిలో నున్నంత మాత్రమున రాజ్యము చేతిలో నుండునను తలంపునకు మా సమాధానము 1984 డిసెంబరునాఁటి లోకసభ యెన్నికలు. దేశమంతయు కాంగ్రెసునకు వోటు వేసినపుడు ఆంధ్రప్రదేశమునందలి 42 స్థానములలో 30 తెలుఁగుదేశము వారికి వచ్చినవి. జనులు వార్తలు విన్నారు, నమ్మవలసినదానిని నమ్మినారు, తక్కినదానిని విడిచినారు. వార్తలు చదివినవానిని బెదరించి వారికేమియు లాభము లేకపోయినది.

ఈ 1984 వృత్తాంతమునుండి మేము గ్రహించిన సంగతి యొక్కటే: టెలివిజనునందు ముఖము ఒకనిది, చేయి వేఱొకనిది. పత్రికాసంపాదకుని విషయమున ఈ చిక్కు తక్కువ. వీరేశలింగముగారు తాము వ్రాసినదానిక్రింద తామే నిలువఁబడిరి. టెలివిజనునందో, తిట్టు ముఖమునకుఁ దగులును. చేయి బల్లక్రింద నుండును.

1995 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు ఆకాశతరంగములు ప్రజల సొత్తనియు, ఏ యొక్కరి గుత్తయుఁ గాదనియుఁ దీర్పుచెప్పెను. ఆ యేఁడే జెమిని, ఈటీవీ మొదలగు తెలుఁగు ఛానళ్లు వచ్చినవి. 2004లో టీవీ నైన్ రాఁగా, రేయింబవళ్లు తెలుఁగులో వార్తలు చెప్పు పద్ధతి మొదలయ్యెను. దానివెంట ఒకటొకటిగా పదికి మించి వెలసినవి. కొన్నింటికి వెనుక వర్తకులు, కొన్నింటికి వెనుక రాజకీయపక్షములు. సర్కారు చేయి పోయినదని సంతోషించిన మాకు, చేతులు పెక్కైనవని తెలియుటకు ఎన్నియో యేండ్లు పట్టలేదు. రోజునకు అరగంట వార్తలు చెప్పునపుడు ఏది విడువవలెనను బెంగ యుండెడిది. ఇరువదినాలుగు గంటలు చెప్పవలసినపుడు దేనితో నింపవలెనను బెంగ పుట్టినది. ఎవనిని ఎందఱు చూచుచున్నారో వారమువారము లెక్క వచ్చును, ఆ లెక్కనుబట్టి ప్రకటనలు, ప్రకటనలనుబట్టి జీతములు. శాంతిస్వరూప్ గారి మర్యాద ఆ లెక్కలో ఏ గడికిని రాదు.

ఈ తొందరపాటు ఎంత చేటు తెచ్చునో 2010 జనవరి 7వ తేదిని చూచితిమి. ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు 2009 సెప్టెంబరు 2వ తేదిని హెలికాప్టరు ప్రమాదమున మృతిఁజెందిరి. నాలుగు నెలలు గడచిన పిమ్మట టీవీ ఫైవ్ అను ఛానలు, ఒక విదేశీ వెబ్‌సైటులో వచ్చిన వ్రాఁతను బట్టుకొని, ఆ మరణమునకు వెనుక రిలయన్సు అధిపతుల కుట్ర గలదన్నట్లు ప్రసారము చేసెను. ఋజువు లేదు. తక్కిన ఛానళ్లు కొన్ని దానినే యెత్తుకొన్నవి. ఆ రాత్రియే రాష్ట్రమున పలుచోట్ల రిలయన్సు వారి దుకాణములపైనను, పెట్రోలు బంకులపైనను జనులు పడి ధ్వంసము చేసిరి. మఱునాఁడు ఇద్దఱు పాత్రికేయులను పోలీసులు నిర్బంధించిరి. అప్పటి ముఖ్యమంత్రి కొణిజేటి రోశయ్యగారు మన తెనాలి ప్రాంతపు వేమూరివారు. పదవికి వచ్చి నాలుగు నెలలు. ఈ విషయమున విలేఖరులను వెనుక వేసికొని మేము మాటాడఁజాలము. వినినదానిని విన్నట్లే చెప్పితిమనుట తర్కమునఁ జెల్లదు. శబ్దప్రమాణమునకు ఆప్తవాక్యము కావలెనని మన శాస్త్రము. చెప్పినవాఁడు ఆప్తుఁడా కాఁడా యని విచారింపక ప్రసారము చేసినవాఁడు దొమ్మికి నిప్పు అందించినవాఁడే. ఐనను ఆ దుకాణములలో పనిచేయు చిన్న జీతగాండ్రకుఁ గలిగిన నష్టమునకు ఎవరు జవాబుదారులను ప్రశ్న, ఆ ఇద్దఱి నిర్బంధముతోడనే ముగిసినట్లాయెను. అక్కడను ముఖమే చిక్కినది.

దీనికి ప్రతిగా అధికారులు చేసిన పనులును మెచ్చుకొనఁదగినవి కావు. 2014 జూనులో తెలంగాణము ఏర్పడిన కొలఁదిదినములకే, క్రొత్త శాసనసభ్యులను పరిహసించిన కార్యక్రమమునుబట్టి టీవీ నైన్‌పై అక్కడ ఆగ్రహము కలిగెను. కేబులు నిర్వాహకులు ఆ ఛానలును, ఏబీఎన్ ఆంధ్రజ్యోతిని నిలిపివేసిరి. రెండవది నెలలతరబడి రాలేదు. ఆ పరిహాసము మోటుగా నుండెననుటకు సందేహము లేదు. మోటు మాటకు మంచి మాటతో గాని, న్యాయస్థానముననో గాని బదులు చెప్పవచ్చును. తీగ కోయుట బదులు కాదు. ఇటు మన రాష్ట్రమున 2019 అక్టోబరులో, తప్పుడు వార్తలపై ఆయా శాఖల కార్యదర్శులే ఫిర్యాదులు పెట్టవచ్చునని 2430 సంఖ్యగల ఉత్తరువు వెలువడెను. పత్రికలవారు గోల చేసిరి. ఏ పక్షమువారు పదవిలో నున్నను, తమకు నచ్చని ఛానలువారిని సభలోనికి రానీయమనుట తెలుఁగునాఁట పరిపాటియైనది. పేళ్లు మాఱుచుండును గాని వాక్యము మాఱదు.

పెద్దయూళ్ల సంగతి యట్లుండఁగా, మండలమున తిరుగు విలేఖరి స్థితిని గూర్చి మన కులబాంధవులు తెలిసికొనవలెను. తెరపై కోటు తొడిగికొని మాటాడువానిని చూచి, వీఁడును అట్టివాఁడే యనుకొందురు. వీరిలో పలువురకు నెలజీతము లేదు. పంపిన వార్త ప్రసారమైన నింత యని యిత్తురు, కాకున్న లేదు. బండి పెట్రోలు తనది. సెల్‌ఫోను తనది. పండుగలకు శుభాకాంక్షల ప్రకటనలు తెమ్మని పైవారు నిర్బంధింతురు. ఆ ప్రకటనలు ఇచ్చువారు ఊరిపెద్దలు. ఆ పెద్దలను గూర్చియే వార్త వ్రాయవలసివచ్చును. ఇందు కొందఱు చెడుదురు. బెదరించి డబ్బు గుంజువారిని మేమును ఎఱుఁగుదుము. చెడకుండ మిగిలినవానికి ఊర శత్రువులు మిగులుదురు.

2023 డిసెంబరు 5వ తేదిని మిచౌంగు తుపాను బాపట్ల సమీపమునఁ దీరము దాఁటెను. మన రేవున పదవ నంబరు ప్రమాదసూచిక నెత్తిరి. ఆనాఁడు మా శిష్యుఁడు జట్టీవద్ద మోకాలిలోతు నీటిలో నిలువఁబడి, గాలికి గొడుగు పోఁగా, మైకు పట్టుకొని అఱచుచుండుట మేమింట గూర్చుండి చూచితిమి, నవ్వితిమి. నాలుగడుగులు వెనుకకు వేసిన పొడినేల యుండఁగా ఈ నాటకమేల యని ఇంటివారితో ననిన మాటయు నిజమే. అది నాటకమే. అట్లు నిలువఁబడుమని పైవారు చెప్పిరని ఆతఁడు తరువాతఁ జెప్పెను.

తుపాను వెలిసిన మూఁడవదినమున ఆతఁడు పంపిన వార్తయే యీ తీర్మానమునకు మూలము. కోఁతకు వచ్చిన వరిచేలలో నీరు దిగక నిలిచిపోవుటకు, సముద్రమువైపు పోవు మురుగుకాలువను రొయ్యల చెఱువుల గట్లు ఆక్రమించుట కారణమని ఆ వార్త. చెఱువులు మన సంఘమునకు భూరివిరాళము లిచ్చిన యొక పెద్దవని పేరుతో జెప్పెను. వారమునకు మా యింటికి నలుగురు వచ్చి, కులమును బజారున నిలువఁబెట్టినాఁడని చెప్పి, కాగితమును ముందు పెట్టిరి. మేము వార్తను చూడలేదు. చూడకయే సంతకము చేసితిమి. ముప్పదియైదేండ్లు పిల్లలకు, చదువనిదానిక్రింద పేరు వ్రాయకుఁడని చెప్పినవారము. సంఘమునం దప్పటికప్పుడు గల మర్యాద చెడునను భయముననే చేసితిమి. వేఱు కారణము లేదు.

తీర్మానము అచ్చులో కనఁబడిన పిమ్మట మా మనుమనిచేత సెల్‌ఫోనునందు ఆ వార్తను తీయించి మూఁడుమాఱులు చూచితిమి. ఆఱు నిమిషములు. మఱునాఁడు కఱ్ఱ చేతఁబట్టి ఆ కాలువ వెంబడి నడచితిమి. గట్టు కాలువలోనికి వచ్చినమాట నిజము. ఏమంత చూపు లేని మా కన్నులకే కనఁబడినది. ఆ ప్రక్క చేలు మన కులమువారివే కొన్ని యున్నవి. వారు మాతో పెదవి విప్పరైరి. ఇఁక తప్పు. రెండవ చెఱువు ఆ పెద్దది కాదు. కౌలునకు వేఱొకరు చేయుచున్నది. మా శిష్యుఁడు దానినిగూడ ఆయనకే అంటఁగట్టెను. అది తప్పే. ఆతఁడు స్వయముగా ఆయన యింటికిఁ బోయి తప్పొప్పుకొనఁబోఁగా గుమ్మము దాఁటనీయలేదఁట.

అన్నిటికంటె మనవారి మనసు నొచ్చినది తెర అడుగున ఎఱ్ఱని పట్టీపై వచ్చిన మాటలవలన. అందు కులపెద్దల కబ్జా యని యుండెను. మా శిష్యుని నోట కులమను మాట ఆఱు నిమిషములలో ఒక్కసారియు రాలేదు, మేము లెక్కపెట్టితిమి. ఆ పట్టీని కూర్చినవాఁడు హైదరాబాదునందలి గదిలోనివాఁడు. నిజాంపట్నము ఏ దిక్కున నున్నదో వానికిఁ దెలియునో లేదో. మా శిష్యుఁడు దానిని మనతోపాటే, మన తరువాతనో, చూచెను. పైవారిని ప్రాధేయపడఁగా మఱునాఁడు రాత్రి రెండవ చెఱువును గూర్చి యొక్క వాక్యమును సవరణగా నడిపిరి. పట్టీని గూర్చి ఏమియు ననలేదు. అనఁగా మనము దండింపఁదలఁచిన నేరము ఒకనిది. దండన పడుచున్నది వేఱొకనిపై. పంచాయతీ అరుగుమీఁద తడివల విసరినవానికిని మనకును భేదమేమో మాకుఁ దెలియకున్నది.

మహాసభవారికి మా మనవి యిది. ఆ పట్టీలోని మాటకును, రెండవ చెఱువు విషయమునకును క్షమాపణ కోరుచు ఛానలు యజమానులకు సంఘముపేరిట లేఖ వ్రాయుదము. లేఖ ముసాయిదా మేము వ్రాసియిత్తుము. వారు వినకున్న పై యధికారులున్నారు. కాలువ సంగతి కాలువవద్ద తేల్చుకొందము; డ్రైనేజీ శాఖవారు గొలుసు పట్టి కొలిచినచో ఆ పెద్దకును మేలే. విలేఖరిని పెండ్లిండ్లకుఁ బిలువవద్దను వాక్యమును దీసివేయుఁడు. ఆతని చెల్లెలి వివాహము వచ్చు మాఘమున నున్నది. ఆ పిల్లయును మా శిష్యురాలే.

ప్రతిపాదకులనుండి మా పేరు తొలఁగింపుఁడని కార్యదర్శిగారికి లేఖ వ్రాసితిమి. కార్యక్రమ పత్రము వేయిప్రతులు అప్పటికే అచ్చయినవనియు, మఱల అచ్చు వేయుటకు వ్యయము గలదనియు వారు సెలవిచ్చిరి. ఆ మాటయు న్యాయమే. కావున ఈ సంచిక చేతికి వచ్చిన సభ్యులు, కార్యక్రమ పత్రము నాలుగవ పుటలో ఏడవ తీర్మానముక్రింద నున్న మూఁడవ పేరును కలముతో కొట్టివేసికొని చదువుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాము.